పద్దెనిమిదిన్నర గుర్రాలు

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో సగం వ్యవసాయ రుణాలతోనే గడిచింది. ఎన్ని ట్రాక్టర్లకు అప్పులు మంజూరు చేశానో లెక్కలేదు గానీ, ట్రాక్టరులో నాకు క్షుణ్ణంగా తెలిసిన భాగం మాత్రం ఒక్కటే: ఛాసిస్ నంబరు. తనిఖీకి వెళ్లినప్పుడల్లా దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, అచ్చు పడ్డాక ఫైల్లో అంటించేవాణ్ణి. నంబరు కలిసిందంటే బండి ఉన్నట్టే. మిగతాదంతా, అంటే ఇంజను, గేరుబాక్సు, టైర్లు వగైరా, రైతు సొంత విషయం.

ఈ పాండిత్యంతోనే, రిటైరయ్యాక ఒక సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టరు కొందామని బయల్దేరాను.

నూజివీడు దగ్గర మా నాన్నగారి మామిడితోట ఉంది. 3 ఎకరాల 20 సెంట్లు. చిన్న రసాలు, కాసిని బంగినపల్లి. ముసలి చెట్లు, కొమ్మలు నడుం ఎత్తుకి వాలిపోయి ఉంటాయి. పెద్ద ట్రాక్టరు తోటలోకి వస్తే దాని సైలెన్సరు గొట్టం కొమ్మల్ని ఫెళఫెళ విరుచుకుంటూ పోతుంది. డ్రైవరేమో తల కాపాడుకోడానికి స్టీరింగుకి సాష్టాంగపడతాడు. పైగా జూన్‌లో కోత అయిపోయి, తొలకరి పడి, నేల పదునెక్కిన ఆ నాలుగు రోజులే ఊరందరికీ ట్రాక్టరు కావాలి. "రేపొస్తానండీ" అన్న కుర్రాడు వచ్చేసరికి పదును ఆరిపోయి, గడ్డి మోకాలెత్తు లేచేది. జనానికి ముప్పై ఏళ్లు "రేపు రండి" అని చెప్పినవాణ్ణి, ఆ మాట అవతలి పక్క నుంచి ఎలా వినిపిస్తుందో అప్పుడు తెలిసింది.

హైవే పక్కన ఓ రేకుల షెడ్డులో దొరికింది బండి. పన్నెండేళ్లది. 18.5 హెచ్‌పీ. "పద్దెనిమిదిన్నర గుర్రాల బలమన్నమాట" అన్నాను మా ఆవిడతో. "ఆ అర గుర్రం ముందు సగమా, వెనక సగమా?" అంది.

"సింగిల్ హ్యాండ్ సార్, ఓ డాక్టరుగారిది. ఆదివారం ఆదివారం సరదాగా తోటలో తిప్పేవారంతే. మీటరు చూడండి" అన్నాడు బ్రోకరు. గంటల మీటరు 1,180 దగ్గర ఉంది. నేను అప్పటికే కళ్లజోడు సవరించుకుని ఛాసిస్ నంబరు వెతుకుతున్నాను. నాతో సాయం వచ్చిన పక్క తోట ఆసామి మీటరు వంక కన్నెత్తి చూడలేదు. క్లచ్ పెడలు చూశాడు. కాలు జారకుండా దాని మీద ఉండాల్సిన గళ్లన్నీ అరిగిపోయి, ఇనుము అద్దంలా మెరుస్తోంది. "వారానికొక్క ఆదివారమేనా?" అన్నాడు. బ్రోకరు ఆకాశం వంక చూశాడు.

తర్వాత ఇంజను మీద చెయ్యి వేశాడు. ఇడ్లీపాత్ర మూతలా వెచ్చగా ఉంది. మేం వచ్చేలోపు ఒకసారి స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో చూస్తేనే గానీ దాని గుణం తెలీదట. అది చల్లారేదాకా ఎదురుగా కొట్లో మూడేసి టీలు తాగాం. తిరిగొచ్చి గేరుబాక్సు నూనె చూసే పుల్ల బయటికి లాగాడు. నూనె తేనెరంగులో ఉండాలి. ఇది మేం తాగిన టీ రంగులో ఉంది. వరి దమ్ములో తిరిగితే సీళ్లలోంచి నీళ్లు దిగి, నూనె అలా పాలరంగుకి తిరుగుతుంది. "డాక్టరుగారు నాట్లు కూడా వేయించేవారా?" అన్నాడు ఆసామి. ఆ ఒక్క ప్రశ్నకి పాతికవేలు తగ్గింది. చల్లారిన ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే లేచింది. "సీళ్లు మార్చుకోవచ్చు, ఇంజను మార్చలేం" అని ఆయన తీర్పు చెప్పాక 1,85,000కి ఖాయం చేశాం.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటే బీపీ వస్తుంది. యాజమాన్యం మారడానికి 29, 30 నంబరు ఫారాలు. ఆర్‌సీ మీద తాకట్టు ఇంకా అలాగే ఉంది గనక అప్పిచ్చిన బ్యాంకు సంతకంతో 35వ నంబరు ఫారం. అప్పు తీరి ఏళ్లయింది, ఆ ముక్క తీయించడం ఎవరికీ గుర్తులేదు. ఆ బ్యాంకు కౌంటర్లో అబ్బాయి తల ఎత్తకుండానే "రేపు రండి" అన్నాడు. ఎంత చక్కగా అన్నాడో! ఆ విరుపు, ఆ నిదానం... మా కాలంలో ట్రైనింగిస్తే గానీ వచ్చేది కాదు.

శుభముహూర్తాన మా ఆవిడ బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. తాళం తిప్పాను. చప్పుడు లేదు. మళ్లీ తిప్పాను. పద్దెనిమిదిన్నర గుర్రాలూ గుర్రుపెట్టి నిద్రపోతున్నాయి. కొబ్బరిముక్క కోసం చేరిన పిల్లలు కాసేపు చూసి, ముక్కలు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు మేస్త్రీ మోపెడ్ మీద వచ్చాడు. సీట్లో కూచుని, ఎడమకాలితో క్లచ్ పూర్తిగా తొక్కి తాళం తిప్పాడు. డుగుడుగుమంది. క్లచ్ తొక్కకపోతే స్టార్టరుకి కరెంటు వెళ్లకుండా స్విచ్చి ఉందట. మూడొందలు తీసుకున్నాడు. "దేనికోయ్?" అంటే, "తొక్కినందుకు కాదండీ, ఎవరికీ చెప్పనందుకు" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఆ మేస్త్రీ వేళాకోళం మాని చెప్పిన మాట ఒక్కటే. వెనక రోటావేటరుని తిప్పే పీటీఓ షాఫ్టు దగ్గరికి లుంగీతో వెళ్లొద్దన్నాడు. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది. కొంగో కండువానో దానికి చుట్టుకుంటే మనిషి "అయ్యో" అనే వ్యవధి ఉండదు. ఆ పూటే నా రిటైర్మెంటు లుంగీలన్నీ అటకెక్కాయి. ఆఫీసు ప్యాంట్లు మళ్లీ దిగాయి.

బ్రేకుల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కుడికాలి కింద రెండు పెడళ్లు ఉంటాయి, ఒక్కో వెనక చక్రానికి ఒక్కోటి. దుక్కిలో మలుపు తిరిగేటప్పుడు ఒకదాన్నే తొక్కితే బండి ఆ చక్రం మీద గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం రెండింటినీ కలిపి కొక్కెం వేసుకోవాలి. నేను కొక్కెం వెయ్యకుండా, ఊళ్లోంచి ఠీవిగా, అందరికీ చెయ్యి ఊపుతూ వస్తున్నాను. గేదె అడ్డొచ్చింది. కుడి పెడలు తొక్కాను. గేదె బతికింది. బండి లంబకోణంలో తిరిగి, ఓ పెద్దాయన దొడ్లోకి దూరి, గడ్డివాములో ముఖం పెట్టి ఆగింది. ఆయన అరుగు మీంచి లేవకుండానే, "గడ్డి కావాలంటే అడిగితే ఇవ్వనా, మేనేజరుగారూ?" అన్నాడు.

మూడో వారంలో డీజిలు అయిపోయింది. పోసినా లేవలేదు. గొట్టాల్లో గాలి దూరిందన్నాడు ఆసామి. ఈసారి ఫిల్టరు మీది బోల్టు ఆయన చెప్తుండగా నేనే వదులు చేశాను. చేతిపంపుని బొటనవేలితో నొక్కుతుంటే బోల్టు పక్కనించి నురగ, బుడగలు. నొక్కగా నొక్కగా బుడగలు తగ్గి, సన్నటి డీజిలు ధార నిఖార్సుగా వచ్చింది. "ఇప్పుడు బిగించండి" అన్నాడు. బిగించి తాళం తిప్పాను, క్లచ్ తొక్కే. ఒక్క దగ్గు దగ్గి లేచింది. ఏ ప్రమోషనప్పుడూ నాకంత ఆనందం కలగలేదు. రెండ్రోజులు చేతులకి డీజిలు వాసన పోలేదు, పోగొట్టుకోవాలనీ అనిపించలేదు.

తోట దున్నడం పూర్తయిన సాయంత్రం ఆసామి గట్టు మీద కూచుని చుట్ట ముట్టించాడు. "మా జామతోటకి రెండ్రోజులు బండి ఇస్తారా?" అన్నాడు. అయ్యో, అడగాలా అన్నాను.

"అడగాలండి. అప్పట్లో ఇలాంటి సెకండ్ హ్యాండ్ బండికే అప్పు కోసం మీ బ్రాంచికొచ్చాను. పాత యంత్రాన్ని నమ్మలేమని రాసి పంపేశారు. అందరికీ రేపు రమ్మనేవారు, నాకదీ అన్లేదు."

నాకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పడానికి నోరు రాలేదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తాళం జేబులో వేసుకుని, అదే జేబులోంచి సిగరెట్టు పెట్టె లోపలి పల్చటి కాగితమూ, చిన్న పెన్సిలు ముక్కా తీశాడు.

"నంబరెక్కడుంటుందండీ దీనికి?" అన్నాడు.

మోకాళ్ల మీద కూచుని, తుండుగుడ్డతో మట్టి తుడిచి చూపించాను.