నట్టు గాటిలో నలుసు: టీకా తాత్పర్యం

అవతారిక

రోహిణి కార్తె, విజయవాడ, పెళ్లి. ఆర్కెస్ట్రా కుర్రవాడు లోపల ఏసీ గదిలో ఎలక్ట్రిక్ గిటారు శ్రుతి చేసుకుని, బయట లాన్‌లో వేసిన స్టేజీ ఎక్కాడు. వేడికి ఉక్కు తీగలు సాగాయి, శ్రుతి దిగింది. సరిచేసుకున్నాడు. రెండో పాటలో కడ్డీ నొక్కి వదిలాడు. మూడో తీగ ఉన్నచోటికి రాలేదు. గాయకుడు పాడుతూనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అలాంటి చూపు పడినవాడు ఆ రాత్రే గిటారు అమ్మకానికి పెడతాడు. ఆ సందర్భాన కవి ఇలా అంటున్నాడు. కవిని నేనే, వ్యాఖ్యాతనూ నేనే కనుక కవిహృదయం విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

ఆ. బ్రాండు మార్చి మార్చి పర్సు ఖాళీ చేసె
నట్టు గాటిలోని నలుసు గనడు;
కడ్డి నొక్కినంత గడప దాటిన తీగ
తిరిగి యిల్లు చేరు తెరువదేది?

ప్రతిపదార్థం

బ్రాండు = తలమీద రాసిన పేరు. తల అనగా గిటారుకు బిరడాలుండే చోటు. వాయించేవాడి తల అని కొందరు. ఆ అర్థం కూడా అన్వయిస్తుంది.

మార్చి మార్చి = ఆమ్రేడితం. కలకత్తా గివ్సన్‌తో మొదలై, యమహా మీదుగా, ఐబనెజ్ దాటి, ఫెండర్ చేరి, గిబ్సన్‌ను కలగనడం. వ-బలకు భేదం లేదని ఆలంకారికులు అంటారు. గివ్సన్, గిబ్సన్‌ల ధరలు చూసినవారు ఒప్పుకోరు.

నట్టు = బోల్టుకు జంట కాదు. మెట్లు మొదలయ్యే చోట తీగలు దాటి బిరడాల వైపు వెళ్లే సన్నని పట్టీ; ఎముకదో, ప్లాస్టిక్‌దో. వీణలో మేరువు.

గాటిలోని నలుసు = తీగ కూర్చునే కోతలో చేరిన మురికి, తుప్పు. తీగ లావుకు గాటు ఇరుకైతే ఆ ఇరుకే నలుసు.

కడ్డి = గుర్రానికి తగిలించిన ట్రెమొలో కడ్డీ. గుర్రం అనగా తీగలను మోసే వంతెన. మన వైణికుల మాట.

గడప దాటిన తీగ = స్వస్థానం వదిలిన తీగ. తెరువు అది ఏది = దారి ఎక్కడ?

తాత్పర్యం

శ్రుతి నిలవడం లేదని గిటారు మీద గిటారు మార్చినవాడు, తీగ ఇరుక్కునే అసలు చోటును చూడనే లేదు. చూడకపోతే ఏ కంపెనీ గిటారైనా అంతే.

విశేషాంశాలు

1. ట్రెమొలో అన్నది ఇక్కడ అసాధువు. ట్రెమొలో అంటే ధ్వని హెచ్చి తగ్గడం. స్వరం కిందకీ మీదకీ ఊగితే వైబ్రాటో. స్ట్రాటోకాస్టర్‌ను 1954లో తెచ్చిన లియో ఫెండర్ తన కడ్డీకి ట్రెమొలో అని పేరు పెట్టాడు. ధ్వని హెచ్చి తగ్గే ఏర్పాటు ఉన్న ఆంప్లిఫయర్ల మీద మాత్రం వైబ్రాటో అని రాయించాడు. రెండూ తారుమారు. ఆయనకు గిటారు వాయించడం రాదని గుర్తుంచుకుంటే తప్పు క్షమించవచ్చు. లోకరూఢి కనుక మనమూ అలాగే అందాం.

2. కడ్డీ గుట్టు కావడి గుట్టే. ముందువైపు ఆరు తీగలు గుర్రాన్ని లాగుతుంటాయి. వెనక చెక్క గూట్లో స్ప్రింగులు, సాధారణంగా మూడు, ఎదురు లాగుతుంటాయి. రెండూ సమమైతే గుర్రం గాలిలో తేలుతుంది. తొమ్మిదో నంబరు సెట్టు బిగిస్తే తీగల లాగుడు సుమారు 38 కిలోలు. ఒకటిన్నర బియ్యం బస్తా. పదో నంబరుకు మారితే సుమారు 46. అటు బరువు పెంచి ఇటు స్ప్రింగుల మరలు బిగించనివాడి కావడి ఒకవైపుకు ఒరుగుతుంది, గుర్రం ముందుకు లేస్తుంది. ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ కొద్దిగా దిగుతాయి. ఒక తీగ తెగితే మిగతా ఐదూ పైకి పోతాయి. అందుకే ఒక్క చుట్టుతో శ్రుతి కుదరదు. ఆరు బిరడాలకూ మూడు నాలుగు ప్రదక్షిణలు చేయాలి. ప్రతిసారీ కింది నుంచి పైకి బిగిస్తూ స్థానం చేరాలి.

3. నలుసును పట్టే లక్షణం. బిరడా తిప్పుతుంటే స్వరం కదలక, కదలక, ఉన్నట్టుండి టింగుమని ఎగిరితే తీగ గాటులో ఇరుక్కుందని అర్థం. కడ్డీ నొక్కి వదిలాక స్వరం పైన ఆగిపోయినా, వేలితో లాగి వదిలాక కింద ఆగిపోయినా ఆ నలుసు పనే. మందు: తీగ పక్కకు తీసి, గాటులో మెత్తని పెన్సిల్ ముక్కు నాలుగుసార్లు రుద్దడం. ఆ నల్లపొడిమీద తీగ జారుతుంది. ఇది నేను గాంధీనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర కళ్లారా చూశాను. 'అన్నా, ఈ గిటారు అమ్మేద్దామనుకుంటున్నా' అని వచ్చిన కుర్రవాడిని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: 'తమ్ముడూ, పెన్సిలుందా?' గాటు మరీ ఇరుకైతే పెన్సిలు చాలదు, సన్నని ఆకురాయి కావాలి. కొత్త తీగలను చేత్తో పైకి లాగి లాగి సాగదీయకుండా స్టేజీ ఎక్కేవాడికి ఏ మందూ పనిచేయదు.

4. గిబ్సన్ లెస్ పాల్‌కు కడ్డీ ఉండదు కదా, అక్కడికి మారితే? అని పూర్వపక్షం. సమాధానం: స్ట్రాటోకాస్టర్ తలమీద ఆరు బిరడాలూ ఒకే వరుస, తీగలు నట్టు దాటి తిన్నగా వెళతాయి. లెస్ పాల్‌లో అటు మూడు, ఇటు మూడు. తల వెనక్కి వాలి ఉంటుంది. నట్టు దగ్గర తీగ పక్కకూ కిందకూ వంగుతుంది. అందుకే అక్కడ మూడో తీగ తప్పటడుగులు ప్రసిద్ధం. కడ్డీ పోయింది, నలుసు మిగిలింది.

5. ఇక పెద్దల ఆచారం. ఎరిక్ క్లాప్టన్ గిబ్సన్లు వదిలి 1970 ప్రాంతంలో స్ట్రాటోకాస్టర్‌కు మారాడు. మారి ఏం చేశాడు? గూట్లో చెక్కముక్క దిగ్గొట్టి, గుర్రం కదలకుండా కట్టేశాడు. కడ్డీ ఉన్న గిటారు కొని కడ్డీని మూగనోము పట్టించాడంటే ఆయన మారింది శ్రుతి కోసం కాదు, నాదం కోసం. మారడానికి అది సరైన కారణం. మెడ చేతికి కుదరలేదు, పికప్ గొంతు పాటకు నప్పలేదు అంటే మార్చండి. శ్రుతి నిలవలేదు అంటే పెన్సిల్ చెక్కండి.

6. డెల్టావాసులకు అతి సులభంగా బోధపడేది ఫ్లాయిడ్ రోజ్ పద్ధతి. 1970ల చివర్లో వచ్చిన ఈ ఏర్పాటులో తీగను నట్టు దగ్గరే మరలతో బిగించేస్తారు. అది అచ్చంగా మన కాలువ లాకు. 1855 కృష్ణా ఆనకట్ట నాటి నుంచి కాలువల మీద పడవలను ఎక్కించి దించిన లాకులు చేసిందేమిటి? తలుపు మూశాక పైకాలువతో సంబంధం లేదు. లోపలి మట్టం లోపలిదే. గిటారుకూ లాకు పడ్డాక బిరడాలతో పనిలేదు. నలుసుకు చోటే లేదు. చివరి సవరణకు గుర్రం మీద చిన్న మరలుంటాయి. కాని పాట మధ్యలో తీగ తెగితే అలెన్ కీ వెతుక్కోవాలి. లాకు తాళం దొరికేదాకా పడవ ఆగవలసిందే.

7. మన ప్రమాణం పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014). ఆయన మాండొలిన్‌లో నాలుగు జంట తీగలు తీయించి ఐదు ఒంటి తీగలు వేయించి, విద్యుత్తు జోడించాడు. కడ్డీ లేదు, గమకమంతా ఎడమచేతి వేళ్లదే. గమకం ఎంత ఊగినా తిరిగి స్వరస్థానం చేరాలి. పేరు మార్చలేదు, సంగీతానికి ఏది అడ్డమో చూసి దాన్ని మార్చాడు. పద్యంలోని 'గనడు'కు ప్రత్యుదాహరణ.

ఛందస్సు, అలంకారం

ఆటవెలది. మొదటి పాదంలో బ్రా-పలకు యతి. యతి అంటే ఎంత దూరం పోయినా చెప్పిన చోట చెప్పిన అక్షరాన్ని కలుసుకోవడం; తీగకు కుదరనిది పద్యానికి కుదిరింది. గడప దాటి తిరిగిరాని తీగలో, ఊరు వదిలి వెళ్లిన ఇంటి పిల్లవాడు స్ఫురిస్తున్నాడు కనుక సమాసోక్తి. శ్రుతి అన్న మాటను శృతి అని రాసేవారు డెల్టాలో చాలామంది. మాటలోనే నలుసు పడింది.

పాఠభేదం

'ఖాళీ చేసె' అన్నది గిటారు వాయించేవాళ్ల ప్రతుల్లో పాఠం. భూతకాలం. అంటే అయిపోయింది, ఇక కొనడు. వాళ్ల ఇళ్లలో దొరికిన ప్రతుల్లో 'ఖాళీ చేయు' అని ఉంది. గణం చెడలేదు. కాని 'చేయు' తద్ధర్మార్థకం: అది ఒకసారి జరిగిన పని కాదు, స్వభావం. 'చేసె' అన్నవాడికి పెన్సిల్ చాలు. 'చేయు' అయితే నట్టు ఎంత నునుపు చేసినా నయం కాదు.

వ్యాఖ్యాత ఇంట్లో ఉన్న ప్రతి ఏదని అడగవద్దు.