చవక గాలి

(స్థలం: జంగ్లీఘాట్‌లో ఒక తెలుగు హోటలు, వంటగది గుమ్మం. ఇడ్లీలు దిగి చేపల పులుసు పొయ్యెక్కిన వేళ. 2024 సెప్టెంబరులో ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీ విజయపురంగా మారింది గానీ, ఈ వంటగదిలో పొగ మాత్రం పాత పేరు నాటిదే.)

షావుకారు: (దగ్గి) మూడు కొటేషన్లు తెప్పించాను. ఒకటి 22 వేలు, ఒకటి 38, ఇదిగో నీది 51. ఫ్యాను తిరిగేది ఒకవైపే కదయ్యా, ధర ఇన్ని వైపులా ఎందుకు తిరుగుతోంది?

కంట్రాక్టరు: 22 వేలవాడు ఫ్యానుకి రాశాడండి. నేను పొగ బయటికి పోవడానికి రాశాను.

మేనల్లుడు: (ఫోనులోంచి తలెత్తకుండా) మావయ్యా! 12 అంగుళాల ఎగ్జాస్టు 4 వేలే! బుక్ చేసేస్తున్నా... అయ్యో, ‘ఈ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు’ట.

షావుకారు: 744తో మొదలయ్యే మన పిన్ను కొడితే అంతే. వైజాగులో మీ అమ్మ పిన్ను కొట్టు.

మేనల్లుడు: రేపే వచ్చేస్తుంది!

కంట్రాక్టరు: వచ్చి అక్కడే తిరుగుతుంది. అక్కణ్ణుంచి ఇక్కడికి 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడ ఎప్పుడుంటే అప్పుడు. ప్యాకింగు, రేవు కూలీ, ఆటో, ఆపైన గోడకు కన్నం.

షావుకారు: కన్నానికి కూడా డబ్బులా! దొంగలు ఊరికే వేస్తారే.

కంట్రాక్టరు: లెక్క వినండి. గది 20 అడుగులు పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తు. 3,000 ఘనపుటడుగుల గాలి. గంటకు 20 సార్లయినా అది మారాలి, అంటే నిమిషానికి 1,000. పెట్టె మీదా 1,000 అనే రాస్తారు. అది అడ్డేమీ లేనప్పటి మాట. జిడ్డుకి జాలీ పెట్టి, గొట్టాన్ని రెండు మలుపులు తిప్పాక మిగిలేది వేరే అంకె.

షావుకారు: మలుపులు కొట్టెయ్.

కంట్రాక్టరు: గొట్టం పక్కింటి పడగ్గదిలో తేలుతుంది.

షావుకారు: పోనీ, పడమటి గోడకి పెట్టు.

కంట్రాక్టరు: మే దాటితే నైరుతి వాన అటే కొడుతుందండి. మీరు పొగ నెడతారు, అది నీళ్లు నెడుతుంది. అందుకే బయట మూత రాశాను. రేకు కూడా మామూలుదైతే ఉప్పుగాలి తినేస్తుంది. స్టీలులో 304 వాడొచ్చు, సముద్రం ఇంత దగ్గరైతే 316 ఇంకా మేలు.

షావుకారు: అంకె పెరిగితే ధరా పెరుగుతుంది. 202 లేదా?

కంట్రాక్టరు: ఉంది. తుప్పూ ఉంది.

(కొటేషనులో అందరూ అడుగున ఉన్న మొత్తమే చూస్తారు. పై పంక్తులు చదివేవాడు రాసినవాడొక్కడే. వాడూ రెండోసారి చదవడు.)

షావుకారు: అసలు ఫ్యాను అవసరమా అని! అదిగో సెల్యులార్ జైలు, కట్టిన నాడు దాదాపు 700 గదులు. ఏ గదిలోనైనా ఎగ్జాస్టు పెట్టారా?

వంటమేస్త్రి: (లోపలి నుంచి) అందుకే దాన్ని జైలన్నారు బాబూ.

షావుకారు: నువ్వు పులుసు చూడు! సరే, కరెంటు బిల్లెంత?

కంట్రాక్టరు: మన దీవుల్లో కరెంటు చాలామటుకు డీజిలుతోనే పుట్టాలి. ఆ డీజిలు కూడా ఓడ దిగే రావాలి.

షావుకారు: అయితే బిగించేసి, తనిఖీవాళ్లు వచ్చిన రోజునే వేద్దాం.

మేనల్లుడు: సూపర్ మావయ్యా! కరెంటు సున్నా!

వంటమేస్త్రి: (గరిటెతో బయటికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ) ఒక్క మాట సెప్తాను బాబూ. ఆ ఫ్యాను లోన గాలి బయటికి తోసేస్తాది, బాగుంది. మరి లోనికి గాలి ఎటునుంచి వస్తాది? హాల్లో ఏసీ పోద్దని ఈ తలుపు మూయించేసినారు. ఉన్నది ఒక్క కిటికీ.

కంట్రాక్టరు: నిజమేనండి. గాలి లోపలికి రాకపోతే ఎంత ఫ్యానైనా గుడ్లప్పగించి తిరగాల్సిందే. ఆ కిటికీ తెరవండి.

వంటమేస్త్రి: తెరవడానికి అది ఖాళీగా ఉంటే గదా! అందులో పాత ఫ్యాను ఇరుక్కుని ఉంది. అప్పట్లో బాబుగారు మూడు కొటేషన్లు సూసి కొన్నదే. తుప్పట్టి బోల్టులు ఊడి రావట్లేదు.

(నిశ్శబ్దం. పులుసు ఉడుకుతున్న చప్పుడు.)

షావుకారు: విప్పడానికి ఎంత?

కంట్రాక్టరు: బోల్టులు కోయాలి. ఫ్రేము గోడలో కూరుకుపోయింది, గోడా కొంత పగలగొట్టాలి. రాసుకోమంటారా?

షావుకారు: ఆగు. ఇంకో ఇద్దర్ని అడుగుతాను.

మేనల్లుడు: (ఫోను మళ్లీ పైకెత్తి) మావయ్యా, పాతది ఎక్స్చేంజికి తీసుకుంటార్ట! పిన్‌కోడ్ అడుగుతోంది...