పదిరోజుల దండయాత్ర

మే నెలాఖరు, మిట్టమధ్యాహ్నం. ఉదయగిరి నుంచి మా అక్క ఫోను. “ఒరే, నువ్వు ఉన్నపళాన రావాల. ఇంట్లో యుద్ధం జరగతా ఉండాది.”

ఆత్మకూరులో బస్సెక్కాను. రోహిణి కార్తెలో ఆ బస్సు కిటికీ పక్కన కూర్చోవడమంటే పెనం అంచున కూర్చోవడమే. దూరాన ఉదయగిరి దుర్గం కనపడేసరికి నేను ఒక వైపు బాగా వేగాను. తిరుగు ప్రయాణంలో రెండో వైపు.

యుద్ధానికి కారణం ఒక కాగితం. మా మేనకోడలు ఎనిమిదో తరగతిలో ఎన్‌సీసీలో చేరింది. టోపీ మీది కుచ్చు ఇంకా నలగనన్నా నలగలేదు, అంతలోనే నెల్లూరులో పది రోజుల క్యాంపు. తల్లో తండ్రో సంతకం పెట్టాలి, పిల్ల ఆరోగ్యంగా ఉందని డాక్టరు రాసియ్యాలి. దాంతోపాటు తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితా: కంచం, గ్లాసు, దుప్పటి, దోమతెర, టార్చిలైటు, సూదీ దారం, తాళం. మా అమ్మ ఆ జాబితాను రెండుసార్లు చదివించుకుని, “ఇది కాపరానికి పంపే సారె మాదిరుండాదే!” అంది.

నన్నే ఎందుకు పిలిచారంటే, మా వంశంలో ఖాకీ తొడిగిన మొదటివాణ్ణి నేను. ఆ ఫోటో ఇప్పటికీ అక్కవాళ్ల నట్టింట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది. సరిహద్దులో ఏదన్నా గొడవైతే చుట్టాలంతా ముందు నాకే ఫోను చేస్తారు. నేనూ ఇప్పుడిప్పుడే కబురొచ్చినట్టు జవాబు చెబుతుంటాను.

వసారాలో పంచాయితీ మొదలైంది. బావ బళ్లో సోషల్ చెబుతాడు. పంపుదామన్నాడు. మా అమ్మ వక్క కొరికి, తీరిగ్గా అడిగింది.

“ఈ కొండమీది చిన్నికిష్టుణ్ణి కూడా సైన్యమే గదా తీసకపోయింది. మళ్లీ తెచ్చి దించినారా?”

బావ నోరు పడిపోయింది. ఎందుకంటే ఆ పాఠం ఆమెకు చెప్పింది ఆయనే. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల చేతిలోంచి ఉదయగిరి కోట గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరం తీసుకెళ్లి, అక్కడ గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందన్న ముక్క కూడా ఆయనే చెప్పి ఉన్నాడు.

“విజయనగరం పోయిన బిడ్డ మద్రాసులో తేలినాడు. నెల్లూరు పోయిన బిడ్డ యాడ తేలద్దో!” అంది అమ్మ.

బావ తేరుకున్నాడు. “అది కాదత్తా, రాయలవారి సైన్యం ఈ కొండ కింద ఏడాదికి పైగా డేరాలేసుకోని ఉండాది. వీళ్లది పది దినాలే!”

“ఆ సైన్యంలో ఎనిమిదో తరగతి పిల్లకాయలు లేర్లే,” అంది అక్క.

అక్క బాధ వేరు. పిల్లకి ఈ వయసులోనూ అన్నం కలిపి ముద్దలు చేసి పెడితేగానీ దిగదు. “ఆడ ముద్దలు కలిపిపెట్టే హవల్దారు ఉంటాడా?” అని నన్ను నిలదీసింది. రక్షణ నిపుణుణ్ణి కదా, నేను గొంతు సవరించుకున్నాను. ఎన్‌సీసీ పెట్టమన్న కుంజ్రూ కమిటీ సిఫారసు, 1948లో వచ్చిన చట్టం, ఆ మరుసటేడే ఆడపిల్లలకూ విభాగం పెట్టడం, అన్నీ వరసన వినిపించాను. తెల్లవారకముందే లేవడం, పరుగు, డ్రిల్లు, పాయింట్ టూటూ రైఫిలు, మధ్యాహ్నం పాఠాలు, సాయంత్రం ఆటలు. సావధాన్ అంటే బిగదీసుకు నిలబడాలి. విశ్రామ్ అంటే పడుకోమని కాదు, అప్పుడూ నిలబడాల్సిందే. ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే రెండేళ్లూ 75 శాతం హాజరు ఉండాలి, ఒక క్యాంపైనా చేసి ఉండాలి.

అక్క చివరి మాటను ఒడిసిపట్టుకుంది. “ఒకటే గదా? అయితే వచ్చే ఏడాది పోతది.”

మా ఇంట్లో ‘వచ్చే ఏడాది’ అనేది చాలా పెద్ద గోదాము. అమ్మ కాశీ యాత్ర అందులోనే ఉంది. బావ కొనాల్సిన స్కూటరు, మిద్దెకి వేయాల్సిన సున్నం, అక్క నేర్చుకోవాల్సిన కుట్టుమిషను, అన్నీ అందులోనే. ఒకసారి లోపలికి పోయింది బయటికి వచ్చిన దాఖలా లేదు.

అంతసేపూ గడప మీద కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటున్న పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. అదే తలెత్తి నన్ను అడిగింది.

“మామా, నువ్వు యే క్యాంపుకి పోయినావు?”

ఫ్యాను చప్పుడు ఒక్కటే వినపడింది.

ఉన్న సంగతి మీకు చెబుతాను. నేను ఎన్‌సీసీలో చేరింది పరేడు అయ్యాక ఇచ్చే సమోసా, అరటిపండు కోసం. నాకూ ఒక వేసవిలో ఇలాంటి కాగితమే వచ్చింది. ఆ రాత్రి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకున్నాను. ఆ కాలపు కుర్రవాళ్లకి తెలిసిన వైద్యం అది. పొద్దున చెయ్యి వేసి చూసినవాళ్లందరూ జ్వరమన్నారు. క్యాంపు తప్పింది. ‘ఏ’ సర్టిఫికెట్టూ తప్పింది. నట్టింట్లో ఫోటో మాత్రం మిగిలింది.

“నేను పోయే టయానికి జ్వరం తగిలిందమ్మా,” అన్నాను.

“అయ్యో, పాపం మామ!” అంది పిల్ల. నిజంగానే జాలిపడింది. దానికంటే ఆ బూటు తీసుకుని నన్ను కొట్టినా బాగుండేది. జేబులోంచి పెన్ను తీసి, “బావా, సంతకం పెట్టు” అన్నాను. తమ్ముడంతటివాడు చెప్పాక ఇక అక్కకి మాట లేదు.

నాలుగు రోజులకి అందరూ ఆత్మకూరు బస్టాండులో దిగారు, పిల్లని నెల్లూరు బస్సు ఎక్కించడానికి. నేను తెచ్చిన బిస్కెట్లు సర్దడానికి ట్రంకుపెట్టె మూత తీశాను. దుప్పటి, దోమతెర, సీసాడు ఆవకాయ, ఉదయగిరి చెక్క స్పూను. ఒక మూల నాలుగు ఉల్లిపాయలు.

“ఇవెందుకమ్మా?” అన్నాను. నా గొంతు నాకే తేడాగా వినపడింది.

“వడదెబ్బ కొట్టకుండా జేబులో పెట్టుకునేదానికి,” అంది అమ్మ. వక్క నములుతూ నా వంక చూడకుండానే, “జేబులోకే. చంకలో పెట్టుకోవద్దని చెప్పినాలే దానికి,” అంది.