ఖాళీ జాగాకూ రేటు కట్టారు

ముహూర్తాలు మొదలయ్యాయో లేదో, నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి కావలి దాకా ఏ ఫోటో ల్యాబు వాట్సాప్ స్టేటస్ చూసినా ఒకటే మాట: "డిజైన్ ప్రిన్సిపుల్స్ ప్రకారం చేసిన ప్రీమియం ఆల్బమ్". మామూలు ఆల్బమ్‌కు ఒక రేటు, సూత్రాల ఆల్బమ్‌కు ఇంకో రేటు. అంటే నిన్నటిదాకా మన పెళ్లిళ్లన్నీ ఏ సూత్రమూ లేకుండానే అచ్చేసి చేతిలో పెట్టామని వాళ్ల నోటితో వాళ్లే చెప్పినట్టు. పాత ఆల్బములకు డబ్బు వెనక్కిస్తారా అని ఒకచోట అడిగి చూశాను. కూల్‌డ్రింకు ఇచ్చారు.

సూత్రాల్లో తప్పేమీ లేదు. కాంట్రాస్టు, రిపిటిషన్, ఎలైన్‌మెంట్, ప్రాక్సిమిటీ. ఈ నాలుగింటినీ ఒక చోట చేర్చి, డిజైనర్లు కాని మామూలు జనం కోసం 1994లో ఒక చిన్న పుస్తకం రాసింది రాబిన్ విలియమ్స్ అనే అమెరికా రచయిత్రి. (సినిమా నటుడు వేరు, ఈమె వేరు.) వేరుగా కనపడాల్సింది గట్టిగా వేరుగా కనపడాలి, ఒక పద్ధతి పట్టుకుంటే చివరిదాకా అదే నడవాలి, ప్రతిదీ ఏదో ఒక గీతకు కట్టుబడి ఉండాలి, సంబంధమున్నవి పక్కపక్కన ఉండాలి. కరపత్రం వేసుకునేవాడికైనా పనికొచ్చే మాటలు. పాపం ఆమె 12 × 36 అంగుళాల మన కరిజ్మా ఆల్బమ్ షీటు చూసి ఉండదు.

రిపిటిషన్ అంటే మన ల్యాబులో ఏమిటో తెలుసా? వెనకాల మంచులో మునిగినట్టు పెళ్లికొడుకు మొహం పెద్దది, ముందర అదే మొహం చిన్నది, మూలన అదే మొహం కుడి ఎడమలు తిరగేసినది. ఎలైన్‌మెంట్ అంటే తాళి కట్టే ఫోటోను పక్కకు వంచడం. రూల్ ఆఫ్ థర్డ్స్ సంగతి ఎత్తకండి, మూడో భాగంలో ఎప్పుడూ బంగారు రంగు గులాబీలే ఉంటాయి.

అన్నిటికన్నా ఖరీదైన సూత్రం వైట్ స్పేస్. దీని లెక్క మీకు వివరంగా చెప్పాలి. ఇదివరకు షీటుకు పది ఫోటోలు కుక్కేవాళ్లు. ఇప్పుడు రెండు. "కంటికి రెస్టు కావాలి సార్" అంటారు. పెళ్లి అదే, ఫోటోలూ అవే, షీట్లు మాత్రం ఐదింతలు. బిల్లు షీట్ల లెక్కన. ఏ ఫోటో లేని జాగాకు మనం డబ్బు కడుతున్నామన్నమాట! 2008లో కృష్ణపట్నం పోర్టు తెరిచాక ఈ జిల్లాలో ఖాళీ జాగా విలువేమిటో పిల్లకాయలకు కూడా తెలుసు. ఎకరాల లెక్కన అమ్మడం చూశాం, అంకణాల లెక్కన అమ్మడం చూశాం. అంగుళాల లెక్కన అమ్మేవాళ్లను చూసే భాగ్యం ఇప్పుడు కలిగింది. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

డబ్బు కట్టే తండ్రి ఊరుకుంటాడా? "ఏందబ్బా, ఇంత జాగా ఊరికే వదిలేసినావే. మా బావమరిది యాడ?" అంటాడు. "అది వైట్ స్పేస్ సార్." "వైటో బ్లాకో, మా చిన్నాయన కొడుకులు నలుగురుండారు, నిలబెట్టు." అక్కడ బేరం మొదలవుతుంది. చివరికి ఇద్దరూ రాజీపడి ఆ ఖాళీలో రెండు హంసల్ని దించుతారు, మెడలు వంచి గుండె ఆకారం చేసే హంసల్ని. వాటి కింద బంగారు రంగు ఇంగ్లీషులో "ఫరెవర్ టుగెదర్". ఖాళీకి ఒకసారి డబ్బు, దాన్ని పూడ్చినందుకు మళ్లీ డబ్బు. బావమరిది మాత్రం రానే రాలేదు.

ఆ హంసలు ఏ ఐరోపా చెరువులోవో, ఫోటోషాప్ పి.ఎస్.డి. ఫైల్లో వచ్చాయి. పులికాట్‌కు ఏటా ఫ్లెమింగోలు వస్తాయి, నేలపట్టులో గూడబాతులు గూళ్లు కడతాయి, వాటి పేరు మీద సూళ్లూరుపేటలో పండగే జరుగుతుంది. ఒక్క పిట్టకూ మన ఆల్బమ్‌లో చోటు దొరకలేదు. సముద్రానికే లేనప్పుడు పిట్టలెంత? మైపాడు ఒడ్డుకు తెల్లారకముందే జంటను తీసుకుపోయి ఫోటోలు తీస్తారు. ల్యాబుకొచ్చాక సరుగుడు తోపు చెరిపేస్తారు, ఆరేసిన వలలు చెరిపేస్తారు, ఫైబర్ పడవ చెరిపేస్తారు. క్లట్టర్ అట. వాటి జాగాలో స్విట్జర్లాండ్ కొండ పెడతారు. ఇందుకు మైపాడు దాకా పెట్రోలు ఎందుకు తగలేశారో, మేడ మీద దుప్పటి కట్టి తీస్తే సరిపోయేది కదా!

అసలు ఖాళీ విలువ మనకు ఒకరు నేర్పాలా? వెంకటగిరి చీర విప్పి చూడండి. ఒళ్లంతా వదిలేసి, అక్కడక్కడ చిన్న బుటా, అంచున జరీ, పల్లూలో జాందానీ నెమలి. నెమలి మీద చూపు ఎందుకు ఆగుతుందో ఆ నేతగాడికి తెలుసు. బాపు నాలుగు గీతలు గీసి తక్కిన కాగితం వదిలేసేవాడు. వదిలిన కాగితానికి విడిగా బిల్లు వేశాడని ఎవరూ చెప్పగా వినలేదు.

ఇక కాంట్రాస్టు. పుస్తకంలో అది అక్షరం సైజు గురించి, మందం గురించి. ల్యాబులో అది పెళ్లికూతురి ఒంటి రంగు గురించి. వేటకు పోయేవాళ్ల బిడ్డ, రొయ్యల గుంటల గట్ల మీద ఎండలో తిరిగి పెరిగిన బిడ్డ, నల్లగా ఉంటుంది. ఉంటే ఏం? ఆల్బమ్‌లో సున్నం కొట్టిన గోడలాగా తేలుతుంది. కర్వ్స్ లాగి లాగి ముక్కు గీత కూడా మిగల్చరు. ఒక్కోసారి చేతుల సంగతి మర్చిపోతారు, మొహం ఒక రంగు, పూలదండ పట్టుకున్న చెయ్యి ఇంకో రంగు. ఆ పిల్లను ఒక్క మాట అడిగారా? పెళ్లిచూపుల్లో ఎవరో ముసలాయన అన్న మాటను మళ్లీ ఖరీదైన కాగితం మీద అచ్చేసి ఆమె చేతికే ఇస్తున్నారు. ఇది డిజైన్ కాదు, డబ్బు పుచ్చుకుని చేసే అవమానం. దాన్ని అడిగి మరీ చేయించుకునే పెద్దమనుషులకు ఇంకా సిగ్గు లేదు.

ఫోకల్ పాయింట్ పేరు చెప్పి ముసలివాళ్లను కత్తిరించడం ఇంకో దుర్మార్గం. జంట తలల మీద అక్షింతలు వేసే చెయ్యి ఉంటుంది, మనిషి ఉండదు. ఆ చెయ్యి అవ్వది. ఆమె పోయిన రోజున దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతుకుతారు. ఆల్బమ్‌లో దొరికేది మణికట్టు దాకానే. ఎమ్మెల్యే గారు వచ్చి నిమిషం నిలబడిన ఫోటో మాత్రం ఏ సూత్రానికీ లొంగదు, దానికి షీటంతా ఇస్తారు. వెనకాల గన్‌మ్యాన్‌తో సహా.

ఇప్పుడు ఏ.ఐ. ఒక్క నొక్కుతో లేఔట్ చేస్తుందట. చేయనీండి, దానికి బావమరిది ఎవరో అసలే తెలియదు.

మా ఇంట్లో నల్ల అట్టల ఆల్బమ్ ఒకటుంది. మూలలకు కార్నర్లు, పేజీకీ పేజీకీ మధ్య పల్చటి కాగితం, ఫోటోలు వంకర టింకర. ప్రతి ఫోటో కింద మాత్రం తెల్ల పెన్సిల్‌తో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరమో రాసుంది. ఫోటో పక్కనే దాని పేరు: ప్రాక్సిమిటీ అంటే రాబిన్ విలియమ్స్ చెప్పింది అచ్చం అదే. ఇదే మాట ల్యాబు కుర్రాడితో అన్నాను. "పేర్లు వేస్తే లుక్కు పోతాది సార్" అన్నాడు. మరి ఆ "ఫరెవర్ టుగెదర్" సంగతేమిటంటే, "అది డిజైన్ సార్."

ఇంటికి తెచ్చుకున్నాక మనమే రాసుకుందామన్నా, ఆ లామినేషన్ మీద పెన్ను ఎక్కదు. స్టేషనరీ కొట్లో సీడీల మీద రాసే పర్మనెంట్ మార్కర్లు ఇంకా అమ్ముతున్నారు. నల్లది తీసుకోండి. రాసుకోవడానికి చోటు కొదవ లేదు, దానికి డబ్బు ముందే కట్టారు.