లింకు పంపాం, చదువుకోండి

చదువుల రంగంలో అంతర్జాతీయ సహకారానికి ఒక ఖాయమైన తంతు ఏర్పడిపోయింది. వేదిక మీద రెండు దేశాల జెండాలు, బల్ల మీద ఒప్పంద పత్రాలు, చప్పట్ల మధ్య ఒక వెబ్‌సైటు ప్రారంభం. మీట నొక్కగానే చిట్టచివరి పల్లెలో చిట్టచివరి పిల్ల దాకా విద్య చేరిపోయినట్టే. చేర్చే పూచీ లింకుది, చేరకపోతే తప్పు పిల్లది. ఈ అరచేతి వైకుంఠానికి బాగా గిరాకీ వచ్చింది 2012లో. హార్వర్డ్, ఎంఐటీ చెరో 3 కోట్ల డాలర్లు వేసుకుని ఎడ్‌ఎక్స్ పెట్టాయి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కోర్సెరా, యుడాసిటీ తెరిచారు. ఇంకో 50 ఏళ్లకు ప్రపంచం మొత్తమ్మీద పదే విశ్వవిద్యాలయాలు మిగులుతాయని, అందులో తమదీ ఒకటి కావచ్చని యుడాసిటీ స్థాపకుడు సెబాస్టియన్ త్రన్ జోస్యం చెప్పారు. మిగతా తొమ్మిదింటి పేర్లు బయటపెట్టలేదు. ఉస్మానియా, ఆంధ్రా వాళ్లు పెద్దగా ఆశ పెట్టుకుని ఉండరు.

జోస్యం సంగతి అలా ఉంచి లెక్కలు చూద్దాం. ఈ తరహాలో ఎంఐటీ పెట్టిన తొలి ఉచిత కోర్సు సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్స్ మీద. లక్షా 55 వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు, 7,157 మంది గట్టెక్కారు. ఏడు వేలు మాత్రం తక్కువా, ఒక మాస్టారు జన్మంతా చెప్పినా అంతమందికి చెప్పగలడా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వేదిక మీద ఇచ్చిన మాట ఎక్కువమందికి చెబుతామని కాదు, చదువు అందనివాళ్లకు అందిస్తామని. అందుకున్నది ఎవరో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన కోర్సెరా విద్యార్థులనే అడిగి 2013లో బయటపెట్టింది. బ్రెజిల్, రష్యా, చైనా, దక్షిణాఫ్రికాల్లో, మన దేశంలో ఈ కోర్సులు తీసుకున్నవాళ్లలో దాదాపు 80 శాతం మంది ఆయా దేశాల్లో బాగా చదువుకున్న, బాగా డబ్బున్న 6 శాతం జనాభాలోంచి వచ్చినవాళ్లే. అన్నదానం అని బోర్డు కట్టి, పెళ్లిభోజనం చేసి చేతులు కడుక్కున్నవాళ్లకే మళ్లీ విస్తరి వేశారన్నమాట. పోనీ, కాలం గడిస్తే కుదురుకుందా అంటే, హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల్లో 2017-18లో చివరిదాకా నిలిచినవాళ్లు నూటికి ముగ్గురు. ఆలోగా ఉచితం కూడా వాడిపోయింది. మార్కులు వేసే అసైన్‌మెంట్లు ఒక్కొక్కటే ఫీజు గోడ వెనక్కి వెళ్లాయి.

ఇంత చెప్పాక పెద్దలు చివరి అస్త్రంగా మంగోలియా కుర్రాణ్ని తీస్తారు. 15 ఏళ్ల వయసులో, ఉలాన్‌బాతర్‌లో కూర్చుని, ఆ సర్క్యూట్ల కోర్సులోనే నూటికి నూరు తెచ్చుకున్న 340 మందిలో ఒకడు. తర్వాత ఏకంగా ఎంఐటీలో సీటు వచ్చింది. లింకు మంగోలియా దాకా వెళ్లిందా లేదా? వెళ్లింది. లింకు వెంట ఎవరెవరు వెళ్లారో కూడా చెబితే కథ పూర్తవుతుంది. ఆ కుర్రాడి బడి ప్రిన్సిపాల్ మామూలు మనిషి కాదు, ఎంఐటీలో పట్టా పుచ్చుకున్న మొట్టమొదటి మంగోలియన్. తన పిల్లల చేత ఆ కోర్సు చేయించాలని పట్టుబట్టింది ఆయనే. తెర మీది పాఠం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు కాబట్టి, స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న స్నేహితుణ్ని పిలిపించాడు. ఆ స్నేహితుడు ప్రయోగశాల సామాను వెంటబెట్టుకుని వచ్చి, వారాల తరబడి పిల్లల పక్కన కూర్చుని చేయించాడు. ఎంఐటీ చదివిన ప్రిన్సిపాల్, స్టాన్‌ఫర్డ్ ట్యూటరు, చేతికందే ల్యాబు ఉంటే దూరవిద్య భేషుగ్గా పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. అప్పుడు దాన్ని దూరం అని ఎందుకనాలో మాత్రం తెలియదు. కుర్రాడి ప్రతిభలో వీసమెత్తు తక్కువ చేయనక్కర్లేదు. కథ చెప్పేటప్పుడు పక్కనున్న మనుషుల్ని కత్తిరించేసి, కుర్రాణ్నీ కంప్యూటర్నీ మాత్రమే మిగల్చడం ఉంది చూశారూ, గడుసుతనమంతా అక్కడుంది.

ఊరూరా స్టాన్‌ఫర్డ్ మనిషిని కూర్చోబెట్టడానికి పేద దేశాల దగ్గర డబ్బెక్కడిది అంటారు. స్టాన్‌ఫర్డ్ మనిషిని ఎవరూ అడగలేదు. బ్రిటన్‌లో 1971లో పాఠాలు మొదలెట్టిన ఓపెన్ యూనివర్సిటీని అందరూ టీవీ పాఠాల పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు గానీ, దాన్ని నిలబెట్టింది విద్యార్థి రాసింది చదివి, దిద్ది, పోస్టులో తిప్పి పంపిన పార్ట్‌టైమ్ ట్యూటర్లు. మన దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగునాటే మొదలైంది, అదే ఇవాళ్టి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు, సెలవు రోజుల్లో క్లాసులు, తెలుగులో అచ్చు పుస్తకాలు. ఇంటర్ లేనివాళ్లకు అప్పట్లో అర్హత పరీక్ష పెట్టేవాళ్లు. ఆ పుస్తకాల పేరు ఎంతదాకా పోయిందంటే, అందులో చేరని గ్రూప్స్ అభ్యర్థులు కూడా కొనుక్కుని చదువుతారు. దాని మొదటి వైస్ ఛాన్స్‌లర్ జి. రాంరెడ్డినే 1985లో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్స్‌లర్‌ని చేశారు. అబ్దుల్ కలాం 2004లో ప్రతిపాదించగా 2009లో మొదలైన, ఆఫ్రికా దేశాలకు మన పాఠాలు చేర్చే పాన్ ఆఫ్రికా నెట్‌వర్క్ కూడా పాఠాన్ని ఉపగ్రహం ద్వారా పంపినా, అవతలి దేశంలో విద్యార్థులు వచ్చి కూర్చునే కేంద్రం పెట్టింది. 2017లో ముగిసేనాటికి దాదాపు 22 వేల మంది పట్టాలు అందుకున్నారు. బాగానే ఉంది కదా అని కొనసాగించారా? దాని స్థానంలో 2019లో మళ్లీ ఒక వెబ్ పోర్టల్ ప్రారంభించారు.

ఇప్పుడు కొత్త మాట ఏఐ ట్యూటర్. పక్కన మనిషి లేని లోటు అదే తీరుస్తుందట. 2020లో బడులు మూతపడ్డప్పుడు కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు ఏ రకమైన దూరవిద్యా అందలేదని యూనిసెఫ్ లెక్కగట్టింది. టీవీ, రేడియో పాఠాలు కూడా చేరని ఇళ్లకు ఈ ట్యూటరు ఏ గుమ్మంలోంచి వెళ్తాడో వేదిక మీద ఎవరూ చెప్పడం లేదు.

త్రన్ 2013లోనే తమ సరుకు నాసిరకమని ఒప్పుకుని, కంపెనీ ఉద్యోగుల శిక్షణ వైపు మళ్లారు. ఎడ్‌ఎక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు అమ్మేస్తే, కొన్న కంపెనీ 2024లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మీ జిల్లాలో ఇలాంటి ఒప్పందం ఏదైనా కుదిరిందని పేపర్లో చూస్తే, ఎన్ని లక్షల మంది చేరతారని అడక్కండి. పిల్లలు రాసింది దిద్దేది ఎవరు, వాళ్లకు జీతం ఏ పద్దు కింద ఇస్తున్నారు అని అడగండి.