రైలంకుల్

అమెరికాలో పది తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే అందులో ఒక రియల్ ఎస్టేట్ నిపుణుడు, ఒక వీసా నిపుణుడు, ఒక ఆవకాయ నిపుణురాలు తప్పకుండా ఉంటారు. ఇరవై కుటుంబాలు చేరితే ఒక రైలంకుల్ కూడా ఉంటాడు. మిగతా ముగ్గురూ పాట్‌లక్‌లో హాలు మధ్యలోనే దొరుకుతారు. ఈయన కోసం మాత్రం పిల్లలు టీవీ చూస్తున్న గదిలోకి వెళ్లాలి. నాలుగేళ్ల వాళ్ల మధ్య కార్పెట్ మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ప్లేట్లో మిర్చిబజ్జీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తెర మీది నీలం ఇంజన్ని రెప్ప వెయ్యకుండా చూస్తున్న పెద్దమనిషి ఎవరో, ఆయనే.

ఎవరైనా తొంగి చూస్తే “పిల్లల్ని చూసుకుంటున్నానండీ” అంటాడు. ఆ పిల్లల్లో ఇద్దరు అప్పటికే వంటింట్లోకి పోయి గులాబ్‌జామ్ గిన్నెలో చేతులు పెట్టేసి ఉంటారు. అది ఆయన కంట పడదు. తెర మీద సిగ్నల్ ఇవ్వకుండానే గూడ్సు కదిలింది, అది మాత్రం పడుతుంది.

న్యూజెర్సీలో మా రైలంకుల్‌కి యాభై దాటాయి. పగలు సాఫ్ట్‌వేర్. పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో. తండ్రి గూడ్సు గార్డు. ఆవిరింజన్ల కూతతో లేచి, లోకో షెడ్ పొగలో ఆడుకుని, ఎర్రజెండా, పచ్చజెండా తర్వాతే అ, ఆ లు నేర్చుకున్న బాల్యం ఆయనది. ఆ బిట్రగుంటనే ఇప్పుడు తన బేస్‌మెంట్‌లో కడుతున్నాడు. ఇల్లు కొన్నప్పుడు ఆంటీ అక్కడ హోమ్ థియేటర్ అడిగింది. ఆయన సరేనన్నాడు కూడా. తర్వాత చెక్కబల్లలు వచ్చాయి, పట్టాలు వచ్చాయి, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. థియేటర్ రాలేదు.

ఆయన మోడల్ రైల్వే లేఅవుట్‌లో స్టేషన్ మాస్టరు రెండు సెంటీమీటర్ల పొడుగుంటాడు. తెల్ల ప్యాంటు, నల్ల కోటు. ప్లాట్‌ఫాం చివర ఇడ్లీ బండి ఉంది. దాని మీద ఇడ్లీలున్నాయని ఆయన అంటాడు, చూడాలంటే భూతద్దం ఇస్తాడు. పట్టాల పక్కన వరిచేను. ఆ చేను ఆంటీ ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న కొండచీపురు. ఒక పండగపూట ఇల్లు ఊడవబోతే చీపురు చేతిలో తేలిగ్గా తగిలిందట. చూస్తే సగం లేదు. కిందికి దిగి చూస్తే బిట్రగుంటలో పంట కోతకొచ్చి ఉంది.

ఇంత చేసినా ఆయనకి మనశ్శాంతి లేదు. కారణం దాదాపు మూడు మిల్లీమీటర్లు. ఆయన కట్టేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు సైజులో 87వ వంతు. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అమెరికాలోని 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి అది సరిగ్గా సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1,676. దాన్ని 87తో భాగిస్తే 19 పైన వస్తుంది. అంటే బేస్‌మెంట్‌లో కూడా బిట్రగుంట అమెరికా గేజ్ మీదే నడుస్తోంది. “అంత తేడా ఎవడు చూస్తాడండీ?” అని అడిగిన అమాయకుణ్ని ఆయన ఆ తర్వాత ఏ పుట్టినరోజుకీ పిలవలేదు.

ఇంత ఘనుడికి పిల్లల టీవీ కార్యక్రమంతో పనేమిటి? పనంతా దాంతోనే. రైలు బొమ్మల దుకాణంలోకి యాభై ఏళ్ల మనిషి ఒంటరిగా వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ నీలం ఇంజన్ కథలు, ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’, చూడాలంటే మాత్రం పక్కన ఒక పసివాడుండాలి. పసివాడుంటే ఆయన పిల్లల మనిషి. లేకపోతే ఆంటీ డాక్టర్‌కి చూపిస్తుంది.

మొదట్లో ఇబ్బంది లేదు, సొంత కొడుకే ఉండేవాడు. వాడికి ఆరేళ్లొచ్చేసరికి మనసు డైనోసార్ల మీదికి మళ్లింది. అదృష్టం కొద్దీ 2009లో పీబీఎస్ వాళ్లు ‘డైనోసార్ ట్రైన్’ మొదలుపెట్టారు. తండ్రికి ట్రైను, కొడుక్కి డైనోసార్. కొన్నాళ్లు ఆ ఇంట్లో శాంతి వెల్లివిరిసింది. తర్వాత కొడుకు రెండూ వదిలేశాడు, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. అప్పట్నించీ రైలంకుల్‌కి ఊళ్లో వాళ్ల పిల్లలే గతి. ఎవరింట్లో బారసాల జరిగినా అందరూ పేరు వినడానికి ఊయల చుట్టూ మూగుతారు. ఆయన ఓ పక్కన నిలబడి, ఈ బుడ్డోడు టీవీ ముందు ఎన్నేళ్లకి కూర్చోగలడా అని లెక్క వేసుకుంటాడు. మొదటి పుట్టినరోజుకి చెక్క ఇంజన్ ఒకటి బహుమతిగా ఇస్తాడు. దానికి పట్టాలు కొనుక్కోవలసింది మీరు.

ఆయనతో కూర్చుని థామస్ చూడటం పసివాళ్లకి కూడా కొంత శ్రమే. ఒక కథలో థామస్ తనకి డ్రైవర్ అక్కర్లేదని గొప్పలు పోతాడు. తెల్లారి షెడ్డులోంచి తనంతట తనే బయల్దేరి, ఆగలేక, స్టేషన్ మాస్టరు ఇంట్లోకి గోడ బద్దలుకొట్టుకుని దూసుకుపోతాడు. వాళ్లు టిఫిన్ చేస్తుంటారు. ప్రపంచంలో నాలుగేళ్ల పిల్లలందరూ అక్కడ పకపకా నవ్వుతారు. మా రైలంకుల్ రిమోట్ తీసుకుని బొమ్మ ఆపేస్తాడు.

“ఈ ప్రమాదానికి బాధ్యులెవరు?”

“థామస్!”

“తప్పు. క్లీనరు. కంట్రోళ్ల జోలికి వెళ్లింది వాడు. వాడికి ఛార్జిషీటివ్వాలి. తర్వాత ఎంక్వయిరీ.”

“అంకుల్, ప్లే చెయ్యండి.”

“స్టేషన్ మాస్టరు భార్య స్టేట్‌మెంట్ కూడా తీసుకోవాలి నాన్నా. ప్రత్యక్ష సాక్షి.”

గార్డుగారి అబ్బాయి మరి. ఆ ఇంట్లో పిల్లలు నిద్రపోయే ముందు విన్నవి రాజకుమారి కథలు కావు, ఎంక్వయిరీ రిపోర్టులు.

ఆయన్ని ఈ కార్యక్రమానికి కట్టిపడేసిన అసలు సంగతి వేరే ఉంది. 1984లో బ్రిటన్‌లో బ్రిట్ ఆల్‌క్రాఫ్ట్ దీన్ని టీవీకి తెచ్చినప్పుడు అది గీసిన బొమ్మల సినిమా కాదు. నిజంగా పట్టాల మీద నడిచే మోడల్ రైళ్లని స్టూడియోలో పెట్టి తీశారు. గేజ్ వన్, 45 మిల్లీమీటర్ల పట్టాలు. పొగగొట్టంలోంచి పొగ వచ్చేది. కళ్లు రేడియో కంట్రోల్‌తో అటూ ఇటూ తిరిగేవి. కోపం రావాలంటే నవ్వు ముఖం ఊడదీసి కోపం ముఖం తగిలించేవారు. పిల్లలకి అది థామస్ కథ. రైలంకుల్‌కి అది లోకంలోకెల్లా ఎక్కువ ఖర్చుతో కట్టిన లేఅవుట్‌లో టిక్కెట్టు లేని ప్రయాణం. కథ ఏమైందని అడిగితే చెప్పలేడు. కొండవాలు మీద గడ్డి దేంతో చేసి ఉంటారో అరగంట చెబుతాడు. మొదట్లో కథ చెప్పిన గొంతు రింగో స్టార్‌ది. బీటిల్స్ అంటే ఆయన దృష్టిలో, థామస్‌కి కథ చెప్పినాయన అంతకుముందు పనిచేసిన చోటు.

2009లో ‘హీరో ఆఫ్ ద రెయిల్స్’తో మొత్తం కంప్యూటర్ గ్రాఫిక్స్ అయిపోయింది. రైలంకుల్ ఆ సంవత్సరాన్ని శకాలు విడగొట్టడానికి వాడతాడు. పిల్లలెవరైనా ‘చగ్గింగ్టన్’ పెట్టమంటే, అదీ కంప్యూటర్‌దే అయినా, పాస్ మార్కులు వేస్తాడు. అందులో కొత్త ఇంజన్లకి ట్రైనింగుంటుంది, ట్రైనింగంటే ఆయనకి గౌరవం. ఇక 2021లో వచ్చిన ‘ఆల్ ఇంజన్స్ గో’లో థామస్ పట్టాల మీంచి గాల్లోకి ఎగురుతాడు. అది చూసిన రోజు ఆయన భోజనం చెయ్యలేదు. “ఎగిరితే అది ఇంజన్ ఎలా అవుతుందండీ? కింద చక్రాలకి ఫ్లాంజి ఎందుకు పెట్టారు మరి?” అని ఆంటీని నిలదీశాడు. ఆంటీకి ఆ ఫ్లాంజి ఏమిటో తెలీదు, పెట్టింది తను కాదని మాత్రం తెలుసు.

స్వదేశాభిమానం కూడా ఆయన్ని కాపాడలేకపోయింది. 2016లో ‘ద గ్రేట్ రేస్’ సినిమాలో ఆషిమా అని ఒక భారతీయ ఇంజన్ని పెట్టారు. రంగులూ పువ్వులూ వేసుకుని, చూడ్డానికి లక్షణంగా ఉంటుంది. మా ఊరి తెలుగు తల్లులందరూ మురిసిపోయారు. రైలంకుల్ కూడా మొదటి నిమిషం మురిశాడు. రెండో నిమిషంలో గుర్తుపట్టాడు: అది నీలగిరి కొండ రైలు ఎక్స్ క్లాస్ ఇంజన్. స్విట్జర్లాండ్ వింటర్‌తూర్‌లో పుట్టిన రకం. మేట్టుపాళయం నుంచి ఊటీ ఎక్కే 46 కిలోమీటర్ల దారిలో, కల్లార్ దాటాక పన్నెండడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు మీద, పట్టాల నడుమ ఉన్న పళ్ల కడ్డీని పట్టుకుని ఎక్కే ఇంజన్. “మీటర్ గేజ్ ఇంజన్! బ్రిటన్ పట్టాల మీద ఎలా నడిపారు? మధ్యలో 435 మిల్లీమీటర్లు ఏమయ్యాయి?” అని ఆ సాయంత్రం కనిపించిన ప్రతివాణ్నీ అడిగాడు. అందరూ సినిమా నిర్మాతలమైనట్టు తలలు దించుకున్నాం. వారం తిరక్కుండా ఆయన ఆఫీసు బల్ల మీద ఆషిమా బొమ్మ వెలిసింది. పిల్లలెవరైనా వస్తే ఆడుకుంటారని కొన్నాడట. ఆ ఆఫీసులోకి పిల్లల్ని రానివ్వరు.

ఏడాదికోసారి ఆయన రెండు కార్ల నిండా ఊళ్లో పిల్లల్ని ఎక్కించుకుని పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌కి బయల్దేరతాడు. 1832లో చార్టర్ పొందిన పాత రైలుమార్గం అది. థామస్ వేషం వేసిన నిజమైన ఆవిరింజన్ అక్కడ పెట్టెలు లాగుతుంది. పిల్లలందరూ ముందువైపు, ముఖం దగ్గర ఫోటోల వరసలో ఉంటారు. రైలంకుల్ పక్కనుంచి వెళ్లి, సంతలో ఎద్దు పళ్లు చూసే రైతులా వంగి చక్రాల కిందికి చూస్తాడు. ఆ నీలం రంగు కింద ఉన్నది 1917లో పోర్టర్ కంపెనీ చేసిన, బ్రూక్లిన్ రేవులో షంటింగ్ చేసిన 15వ నంబరు ఇంజన్. “పాపం, సరుకు బోగీలు తోసి తోసి, రిటైరయ్యాక ఇదిగో ఈ ఉద్యోగం” అని దాని బాయిలర్ వైపు తిరిగి అంటాడు. గొంతులో సాటి ఉద్యోగి మీద ఉండే సానుభూతి ఉంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. పోయినసారి ఒక చిన్నపిల్ల ముచ్చటగా “అంకుల్, అసలు థామస్ ఎక్కడుంటాడు?” అని అడిగింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఎంతో ప్రేమగా, ఉన్నదున్నట్టు చెప్పాడు. థామస్‌ని గీసింది లండన్ బ్రైటన్ రైల్వే ఈ2 క్లాస్ ఇంజన్ని చూసి. అవి మొత్తం పది చేశారు. 1963కల్లా పదింటినీ తుక్కు కింద కొట్టేశారు, ఒక్కటీ మిగల్లేదు. ఆ పిల్ల ఏడుపు ఇంజన్ కూత మీంచి వినపడింది. ఐస్‌క్రీమ్ కొనిపెట్టినా ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల తల్లి ఇంకో కారెక్కింది.

ఇంతవరకూ చదివి ఈయన్ని పిచ్చివాడి కింద జమకట్టేవాళ్లు థామస్‌ని పుట్టించిన మనిషి సంగతి కూడా తెలుసుకోవాలి. రెవరెండ్ విల్బర్ట్ ఆడ్రీ ఇంగ్లండ్‌లో చర్చి పాస్టర్. 1943లో కొడుకు క్రిస్టఫర్‌కి తట్టు పోస్తే, పడుకోబెట్టడానికి రైళ్ల కథలు చెప్పాడు. మర్నాడు అదే కథ ఏ చిన్న తేడాతో చెప్పినా పిల్లవాడు పట్టుకునేవాడు. ఆ పోరు పడలేక కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. 1945లో మొదటి పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది థామస్ వచ్చాడు. పుస్తకాలు అమ్ముడుపోయాక దేశంలోని పిల్లలందరూ క్రిస్టఫర్లే అయ్యారు. ఈ బొమ్మలో ఇంజన్ ఒకలా ఉంది, ఆ బొమ్మలో ఇంకోలా ఉందేమని ఉత్తరాలు రాశారు. ఆయన తమ్ముడు జార్జితో కూర్చుని సోడోర్ అనే ద్వీపానికి పటం గీసి, ఊళ్లకి పేర్లూ చరిత్రా రాసి, ఏ లైను ఎక్కడ కలుస్తుందో తేల్చేశాడు. అదీ చాలక సొంతంగా థామస్ బ్రాంచి లైను మోడల్ కట్టి ఎగ్జిబిషన్లకి మోసుకెళ్లేవాడు. ఓఓ స్కేలు. దాని పట్టాల మధ్య దూరం కూడా ఉండాల్సిన దానికంటే రెండు మిల్లీమీటర్లు తక్కువే. ఈ ఒక్క సంగతి మా రైలంకుల్‌కి భగవద్గీత ఇవ్వలేని ఊరట ఇచ్చింది.

ఇంకొకటి కూడా ఇచ్చింది. ఆడ్రీ 1952లో వేల్స్‌లోని తలిస్లిన్ రైల్వేలో జీతం లేని గార్డుగా పనిచేశాడు. ఒకసారి స్టేషన్‌లో టీ అమ్మే ఆవిణ్ని ఎక్కించుకోకుండానే బండి బయల్దేరదీశాడు. తర్వాత దాన్నే కథగా రాసుకున్నాడు. “ఆయనా గార్డేనండీ!” అంటాడు రైలంకుల్, చుట్టరికం కలిసినంత సంబరంగా. “మా నాన్నగారు అలా చేసుంటే ఇంక్రిమెంట్ కోసేవాళ్లు.”

చూడబోతే ఆ గదిలో కార్పెట్ మీద కూర్చున్న యాభై ఏళ్ల మనిషికీ నాలుగేళ్ల పిల్లకీ పేచీ ఏమీ లేదు. ఇద్దరికీ చిన్న లోకం కావాలి. అందులో ప్రతి బండికీ పేరుండాలి, ప్రతి లైనూ ఒకచోటికి చేరాలి, నిన్న ఎర్రగా ఉన్న ఇంజన్ ఇవాళ కూడా ఎర్రగానే ఉండాలి, తప్పు చేసినవాణ్ని పెద్దాయనెవరో మందలించాలి. తేడా వస్తే ఇద్దరూ ఊరుకోరు. హాల్లో కూర్చుని ఇళ్ల ధరలూ గ్రీన్ కార్డుల తేదీలూ మాట్లాడుకునే మనకి ఆ టీవీ పిల్లలు గోల చెయ్యకుండా ఉండే సాధనం. రైలు బొమ్మల కార్యక్రమాన్ని సరిగ్గా చూసేది ఆ వయసువాళ్లూ ఈ వయసువాళ్లూ. మధ్యలో ఉన్నవాళ్లం లూప్ లైన్లో ఆగి ఉన్నాం.

కాబట్టి మీ ఊళ్లోనూ రైలంకుల్ ఉంటే ఆయన్ని వదులుకోకండి. మీ పిల్లవాడికి మూడేళ్లు నిండగానే ఫోన్ చెయ్యండి. డబ్బడగడు, విసుక్కోడు, చూసిన కథే వందసార్లు చూపించమన్నా మీకంటే ఉత్సాహంగా చూపిస్తాడు. ఒక్కటే జాగ్రత్త. వాడు ఇంటికొచ్చాక మీరు రోడ్డు మీద ఎర్రలైటు దాటారో, వెనక సీట్లోంచి ఛార్జిషీటు వస్తుంది. ఎంక్వయిరీకి సిద్ధంగా ఉండండి.