బోర్డు మారింది, బస్సు రాలేదు

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటిలో దేనికి వెళ్లి అడిగినా సమానత్వం ఎక్కడుందో తడుముకోకుండా చూపిస్తారు. పీడీఎఫ్‌లో ఉంటుంది. విషయసూచిక, చార్టులు, పైకే చూసే బాణం గుర్తులు, అట్టమీద నాలుగు జాతుల విద్యార్థులు పచ్చగడ్డిలో కూర్చుని ఒకే లాప్‌టాప్‌లోకి చూసి నవ్వుతున్న ఫొటో. ఆ లాప్‌టాప్‌లో అంత నవ్వొచ్చేది ఏముందో ఎవరూ చెప్పరు. ఆ పీడీఎఫ్‌నే చదువుతున్నారేమో.

ఈ కాలేజీల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రం జోలియెట్‌లో మొదలైన వరస ఇది. ఎంట్రన్సు లేదు, ర్యాంకు లేదు, డొనేషను లేదు. ఇక్కడ రెండేళ్లు చదివి, మిగతా రెండేళ్లకి యూనివర్సిటీకి మారి డిగ్రీ తెచ్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో 1984 దాకా ఫీజన్నదే లేదు. ఆ ఏడు యూనిట్‌కి 5 డాలర్లతో మొదలుపెట్టి ఇప్పుడు 46 దగ్గర ఆగారు. చేతిలో లేనివాళ్లకి అదీ మాఫీ. అంటే తలుపు బార్లా తీసే ఉంది. చిక్కల్లా లోపలికి వెళ్లినవాళ్లు బయటపడటంలోనే. దేశం మొత్తం మీద నూరుమంది చేరితే ఎనభైమంది బీఏనో బీఎస్సో దాకా వెళ్లాలనే చేరతారు. ఆరేళ్లు గడిచాక లెక్కేస్తే ఆ పట్టా చేతికొచ్చింది పదహారుమందికి.

ఇంతమంది ఎక్కడ జారిపోతున్నారో తేల్చడానికి ఒక కమిటీ ఉంటుంది. ఊరు మారినా తంతు మారదు. మధ్యాహ్నం రెండింటికి సమావేశం. ముందుగా, ఈ కాలేజీ నిలబడ్డ నేల ఫలానా ఆదివాసుల దగ్గర లాక్కున్నదని ఒకరు లేచి గంభీరంగా చదువుతారు. తిరిగి ఇచ్చేస్తామని ఎవరూ అనరు కనక అందరూ తలలూపుతారు. తర్వాత శాండ్‌విచ్ డబ్బాలు. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు: వృత్తం, దాన్ని కోసిన ముక్కలు, ముక్కకో రంగు. వేరే రాష్ట్రం నుంచి తెరమీద ప్రత్యక్షమైన కన్సల్టెంటు గారు, విద్యార్థులకి 'అవరోధాలు' ఉన్నాయని కనిపెడతారు. అవరోధాలు ఏమిటో తెలుసుకోవడానికి ఉపసంఘం వేస్తారు. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీ. అది విద్యార్థి ప్రతినిధిది. ఆ అబ్బాయికి రెండింటికి గోడౌన్‌లో షిఫ్టు. మినిట్స్‌లో 'గైర్హాజరు' అని రాసుకుంటారు.

ఎప్పుడో ఒకసారి, పొరపాటున పిలిచిన ఏ పార్ట్‌టైం టీచరమ్మో నోరు తెరుస్తుంది. "రాత్రి నా క్లాసు తొమ్మిదీ యాభైకి అయిపోతుందండీ. ఆఖరి బస్సు తొమ్మిదీ నలభైకే వెళ్లిపోతుంది. పిల్లలు పావుగంట ముందే లేచి వెళ్లిపోతున్నారు." గదంతా నిశ్శబ్దం. బస్సు మన పరిధిలోకి రాదని డీన్‌గారు సౌమ్యంగా వివరిస్తారు. పరిధిలోకి వచ్చేవి వేరే ఉన్నాయి: దార్శనికత, సంస్కృతి, సంభాషణ, బుక్‌మార్కులు. 2018లో రాష్ట్రం మూడు పద్దులు కలిపేసి విద్యార్థుల సమానత్వం, సాఫల్యం పేరిట ఏడాదికి దాదాపు 47 కోట్ల డాలర్ల పద్దు ఒకటి తెరిచింది. అందులో ట్యూటర్లూ ఉంటారు, కౌన్సెలర్లూ ఉంటారు, కాదనను. పీడీఎఫ్ తయారుచేసేవాళ్లకీ అందులోంచే.

నవ్వులాటకి అంటున్నానని అనుకోకండి. 1960లోనే బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త శాన్ హోసే జూనియర్ కాలేజీని దగ్గరుండి చూసి ఒక పుస్తకం, ఒక వ్యాసం రాశాడు. వ్యాసంలో అసలు మాట 'చల్లార్చడం'. ఆ మాట ఆయన సొంతం కాదు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఎర్వింగ్ గాఫ్‌మన్ టోపీ వేసే ముఠాల గురించి రాస్తూ వాడాడు. ముఠా డబ్బు లాగేసుకుని చెక్కేస్తుంది. ఒకడు మాత్రం వెనక ఉండిపోతాడు. మోసపోయినవాడి భుజంమీద చెయ్యేసి, "పోనీలే బాబూ, మంచి అనుభవం" అని ఓదార్చి, పోలీస్ స్టేషన్ వైపు కాకుండా ఇంటివైపు నడిపిస్తాడు. వాడి పని అదే. అచ్చం అలాంటి పనే కాలేజీలోనూ జరుగుతోందన్నాడు క్లార్క్. మర్యాదస్థుడు కనక ఎవరినీ దొంగ అనలేదు. అందరికీ చదువు అని మాట ఇచ్చేసిన సమాజం, అందరినీ చదివించే ఉద్దేశం లేనప్పుడు, ఆశ పడ్డవాణ్ణి గొడవ లేకుండా వెనక్కి పంపే ఏర్పాటు ఎక్కడో ఒకచోట చేసుకోవాలిగా. ముందు పరీక్ష పెట్టు. కింది క్లాసులో వెయ్యి. మార్కులు చూపించి కౌన్సెలర్ దగ్గరికి పిలు. మళ్లీ పిలు. ఇంజినీరు కావాలని వచ్చినవాడు, ఇంజినీరు పక్కన సహాయకుడైనా చాలునని తనంతట తానే అనుకునేదాకా పిలుస్తూనే ఉండు. వెళ్లేటప్పుడు థ్యాంక్స్ చెప్పి మరీ వెళతాడు.

ఆ కింది క్లాసుల కథ ఈమధ్య దాకా నడిచింది. చేరిన రోజున కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టేవారు. హైస్కూల్లో నాలుగేళ్ల మార్కులు ఏమన్నా సరే, ఆ పూట నొక్కిన బటన్లదే తీర్పు. పదిమందిలో ఎనిమిదిమంది ఇంగ్లీషులోనో లెక్కల్లోనో రెమిడియల్ క్లాసు పాలయ్యేవారు. కూడికలూ తీసివేతలూ, భిన్నాలూ, బీజగణితం ఒకటి, బీజగణితం రెండు. సెమిస్టర్ వెనక సెమిస్టర్. వాటిలో ఒక్క యూనిట్ కూడా యూనివర్సిటీ లెక్కలోకి రాదు. ప్రతి మెట్టుమీదా కొంతమంది రాలిపోతారు. తప్పినవాళ్లు కొందరైతే, పాసై కూడా పై మెట్టుకి తిరిగి రానివాళ్లు ఇంకొందరు. దీనికి పెట్టిన పేరు 'సహాయం'. 2017లో ఏబీ 705 అని ఒక చట్టం చేసి, హైస్కూలు మార్కులు చూడండి, నేరుగా కాలేజీ లెక్కల్లో కూర్చోబెట్టండి, పక్కన ట్యూటర్‌ని పెట్టండి అన్నారు. 2019 నుంచి అమలు. పునాది లేకుండా మేడ కడతారా అని పెద్దలు గుండెలు బాదుకున్నారు. చూడబోతే ఏ వర్గంలో చూసినా మొదటి ఏడాదే లెక్కలు గట్టెక్కేవాళ్లు పెరిగారు. జాతుల మధ్య తేడా పూర్తిగా పోలేదు. కానీ ఏళ్ల తరబడి పిల్లల కాలికి కట్టిన బండ ఏదో, ఎవరు కట్టారో తేలిపోయింది. దానికి క్షమాపణ చెప్పిన కమిటీని నేనింకా చూడలేదు.

ఇక పాఠం చెప్పేవాళ్లు. ఈ కాలేజీల్లో ఎక్కువమంది పార్ట్‌టైం వాళ్లే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక కాలేజీ డిస్ట్రిక్టు ఒక పార్ట్‌టైం మాస్టారికి ఫుల్‌టైం పనిలో 67 శాతం మించి ఇవ్వకూడదు. మించితే వాణ్ణి పర్మినెంట్ చెయ్యాల్సి వస్తుందన్న భయం. అందుకని ఆయన పొద్దున ఈ డిస్ట్రిక్టులో 67, సాయంత్రం ఆ డిస్ట్రిక్టులో 67 చెప్పుకుంటాడు. కూడితే 134 శాతం పని. జీతం మాత్రం సాధారణంగా రెండుచోట్లా కలిపినా ఒక ఫుల్‌టైం వాడిదాకా రాదు. ఇలా హైవేలమీద తిరిగేవాళ్లకి ఫ్రీవే ఫ్లయర్లని ముద్దుపేరు. పిల్లవాడు సందేహం అడగాలంటే ఆయనకి గది లేదు, కారు ఉంది. నూటికి 75 వంతుల పాఠాలు ఫుల్‌టైం వాళ్లే చెప్పాలని 1988లో చట్టంలోనే లక్ష్యం రాసుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద అది ఇప్పటికీ లక్ష్యమే. పాపం, లక్ష్యాలకి రిటైర్మెంట్ ఉండదు.

విద్యార్థి ఎక్కడ పడుకుంటున్నాడన్నది అడక్కూడని ప్రశ్న. చట్టసభ అడిగింది లెండి. కారులో పడుకునే పిల్లలున్నారని తెలిసి 2016లో ఏబీ 1995 చేశారు: కాలేజీ జిమ్‌లో షవర్లుంటే ఇల్లులేని విద్యార్థుల్ని స్నానం చెయ్యనివ్వాలి. అయితే ఊరికే కాదు. వాడు క్లాసులో చేరి ఉండాలి, ఫీజు కట్టేసి ఉండాలి, కాలేజీలో మంచి పేరు ఉండాలి. ఒంటికి మురికి పట్టడానికి ఈ అర్హతలేవీ అక్కర్లేదు, వదిలించుకోవడానికి మాత్రం కావాలి. 2019లో ఇంకో అడుగు వేసి, రాత్రిళ్లు కాలేజీ పార్కింగ్‌లో కారాపుకుని పడుకోనిద్దామని బిల్లు పెట్టారు. సవరణలమీద సవరణలు పడి, చివరికి పెట్టినాయనే వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ పార్కింగ్ లాట్లు రాత్రంతా తమ గౌరవం తాము కాపాడుకుంటున్నాయి.

మరి ఏం చేస్తే పిల్లలు గట్టెక్కుతారో ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. అదే విచిత్రం. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో ఏశాప్ అని ఒక కార్యక్రమం పెట్టింది. అందులో మహత్తు ఏమీ లేదు. ఫుల్‌టైం చదవాలి. ఫీజులో తక్కువపడ్డ డబ్బు కాలేజీ భరిస్తుంది. పుస్తకాలకి సాయం. అప్పట్లో నెలనెలా మెట్రో కార్డు ఇచ్చేవారు, అంటే సబ్‌వేకీ బస్సుకీ పాసు. సలహాదారు ఒక్కొక్కరి కింద 60 నుంచి 80 మందే ఉండేవారు. వాళ్ల కళ్లముందే మామూలు విద్యార్థులకి ఒక్క సలహాదారు 600 నుంచి 1,500 మందిని చూసేవాడు. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ లాటరీ వేసి విద్యార్థుల్ని రెండు గుంపులు చేసి మూడేళ్లు గమనించింది. మామూలు గుంపులో నూటికి 22 మంది పట్టా తీసుకుంటే ఏశాప్ గుంపులో 40 మంది. ఒక్కో విద్యార్థికి ఖర్చు అరవై శాతం పెరిగింది నిజమే, కానీ ఒక్కో పట్టాకి పడ్డ ఖర్చు తగ్గింది. ఒహాయోలో మూడు కాలేజీలు ఇదే చేస్తే అక్కడా పట్టాలు దాదాపు రెట్టింపయ్యాయి.

ఇంత తెలిశాక దేశమంతా పెట్టేసి ఉండాలి కదా. పెట్టరు. బస్ పాస్‌కి రిబ్బన్ కట్ చెయ్యడం కుదరదు. సలహాదారుని జీతం ప్రతి ఏడూ ఇవ్వాలి. గ్రాంటు మూడేళ్లకి అయిపోతుంది, ఫొటో ఒక్కరోజులో అయిపోతుంది. అప్పటి అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్ స్వయంగా నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెబుతూ ఉండగానే, రెండేళ్ల ఉచిత చదువు అన్న ముక్క 2021లో ఆయన పెద్ద బిల్లులోంచి రాలిపోయింది. ఇంట్లో టీచరుంటే ఇంతే, ఆవిడ మాటకన్నా ఊళ్లో వాళ్ల మాటే ముందు. ఆర్థిక సాయం ఫారం సులువు చేస్తామని కొత్తది 2023 డిసెంబరు ఆఖర్లో తెరిస్తే అది తెరుచుకోకుండా మొరాయించింది. ఈలోగా కాలిఫోర్నియాలో ఈ కాలేజీలకి వచ్చిన దరఖాస్తుల్లో దాదాపు పావువంతు దొంగవని తేలింది. సాయం డబ్బు కాజెయ్యడానికి బాట్లు వేసినవి. మొదటితరం పిల్లవాడికి అర్థంకాని ఫారాన్ని బాటు చక్కగా నింపుతోంది. విద్యార్థి సాఫల్యం అంటే బహుశా అదే.

ఇప్పుడు గాలి మారింది. 2024 జనవరి నుంచి టెక్సస్ చట్టం, 2025 జనవరి నుంచి వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వ ఆదేశాలు: సమానత్వం అన్న మాట గోడమీద కనపడకూడదు. నిన్నటిదాకా ఆ బోర్డు తగిలించినందుకు జబ్బలు చరుచుకున్నవాళ్లు, ఇవాళ రాత్రికి రాత్రి మేకులు పీకి 'విద్యార్థుల అనుబంధ కేంద్రం' అని ఇంకో బోర్డు కొట్టారు. బోర్డు పెట్టడంతో న్యాయం గెలిచిందని ఒక పక్షం, పీకడంతో ప్రతిభ గెలిచిందని ఇంకో పక్షం. తొమ్మిదీ నలభై బస్సు మాత్రం ఇద్దరి పాలనలోనూ తొమ్మిదీ నలభైకే వెళ్లిపోయింది.

ఇందులో మనవాళ్ల ప్రస్తావన రాకుండా ఉండదు. బే ఏరియాలో ఏ పూజకి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. "మీ వాడు ఎక్కడ చేరాడు వదినా?" "ఇక్కడే... దగ్గర్లో... కమ్యూనిటీ కాలేజీ." చివరి రెండు మాటలకి గొంతు తగ్గుతుంది. అడిగినావిడ, ఎవరో పోయినట్టు, "పోన్లే, ఆరోగ్యంగా ఉన్నాడు కదా" అంటుంది. ఆ మాట అన్నావిడ కొడుకు పదకొండో క్లాసు వేసవిలో లెక్కల కోర్సు చేసింది ఆ కాలేజీలోనే. హెచ్-4 వీసా మీద వచ్చిన ఆమె మరదలు పసిపిల్లల చదువుల సర్టిఫికెట్ చేస్తున్నదీ అక్కడే. సదరు వదినగారి అబ్బాయి రెండేళ్లు తిరిగేసరికి, ముందే సీటు ఖాయం చేసే 'ట్యాగ్' ఒప్పందం మీద యూసీ డేవిస్‌కో ఇర్వైన్‌కో మారతాడు. అప్పుడు గొంతు మళ్లీ లేస్తుంది.

ఆ అబ్బాయి ఎలా గట్టెక్కాడో చూడండి. అద్దె లేదు, ఇంట్లో సొంత గది ఉంది. కారుంది. ఏ కోర్సు ఏ యూనివర్సిటీకి చెల్లుతుందో చెప్పే అసిస్ట్ వెబ్‌సైట్ అమ్మకి కంఠతా వచ్చు. గడువు తేదీ నాన్న క్యాలెండర్‌లో ఉంది. ఒక వారం క్లాసు ఎగ్గొడితే ఇంట్లో గొడవే గొడవ. న్యూయార్క్ వాళ్లు అరవైమందికి ఒకర్ని పెట్టి సాధించింది, ఇక్కడ ఒక్కడికి ఇద్దర్ని పెట్టి సాధించాం. దానికి మనం పెట్టుకున్న పేరు తెలివితేటలు, సంస్కారం, మన రక్తం. పక్క బెంచీలో గోడౌన్ షిఫ్టు దిగి వచ్చి కునికిపాట్లు పడుతున్న కుర్రాడికి వాటిలో ఏదీ లేదని కూడా మనమే తేల్చేస్తాం.

ఇంకొక్క సంగతి. ఈ కాలేజీల డబ్బు ఎటు పోవాలో నిర్ణయించేది డిస్ట్రిక్టు ట్రస్టీలు. వాళ్లని ఎన్నుకునేది ఓటర్లు. బ్యాలెట్ అడుగున ఎక్కడో ఆ గడి ఉంటుంది. అధ్యక్షుడి గడి దగ్గర గంటసేపు వాదించుకుని, కిందికి వచ్చేసరికి అలసిపోయి చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు ఈసారి అక్కడ ఆగండి. అభ్యర్థి పేరు వెతకండి. ఫోన్ చేసి, మీ కాలేజీలో ఒక కౌన్సెలర్ కింద ఎంతమంది విద్యార్థులున్నారని, రాత్రి ఆఖరి క్లాసు తర్వాత బస్సుందా అని అడగండి. దార్శనికత గురించి చెప్పడం మొదలుపెడితే ఓటు ఇంకొకరికి వెయ్యండి.